రాత్రి జారే నాలుక, పగటి కసరత్తు

గురక గాఢనిద్రకు గుర్తని తెలుగు ఇళ్లలో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. కుంభకర్ణుడి పేరెత్తి నవ్వుకుని వదిలేసే ఆ చప్పుడు, నిజానికి, ఇరుకైన దారిలోంచి గాలి బలవంతంగా దూరుతున్నప్పుడు మెత్తని అంగిలి, కొండనాలుక అదరడం వల్ల పుడుతుంది. ఆ దారి పూర్తిగా మూసుకుపోయి, గాలి పది సెకన్లు లేదా అంతకు మించి నిలిచిపోతే దాన్ని వైద్యులు ఆప్నియా అంటారు. గంట నిద్రలో శ్వాస ఇలా ఆగిపోయిన, లేదా బాగా సన్నగిల్లిన సందర్భాల సగటు ఏహెచ్ఐ అనే సూచిక. అది 5 దాటితే స్వల్ప స్థాయి, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

దారి మూసుకుపోవడంలో నాలుక పాత్ర పెద్దది. కింది దవడ లోపలి వైపున మొదలై విసనకర్రలా నాలుకంతటా విచ్చుకునే జినియోగ్లాసస్ అనే కండరం, మెలకువలో ఉన్నంతసేపూ నాలుకను ముందుకు లాగి పట్టి ఉంచుతుంది. నిద్ర పట్టగానే దానికి మెదడు నుంచి అందే ప్రేరణ మందగిస్తుంది, దాంతో వెల్లకిలా పడుకున్నవారి నాలుక తన బరువుతోనే గొంతులోకి జారుతుంది. ఒళ్లు చేసినవారిలో కొవ్వు నాలుకలోకీ చేరుతుందనీ, బరువు తగ్గినప్పుడు ఆప్నియా తగ్గడానికి ఆ కొవ్వు కరగడం ఒక ముఖ్య కారణమనీ పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో చూపారు. ఊపిరి ఆగి రక్తంలో ఆక్సిజన్ పడిపోగానే మెదడు ఉలిక్కిపడుతుంది, కండరం మళ్లీ బిగుసుకుంటుంది, పెద్ద ఎగశ్వాసతో గురక తిరిగి మొదలవుతుంది. పడుకున్న మనిషికి తెల్లారాక ఇదేదీ గుర్తుండదు, పక్కన పడుకున్నవారికీ నిద్ర కరవు.

నిద్రలో పట్టు సడలే కండరానికి పగలు కసరత్తు చేయిస్తే ఫలితం ఉంటుందా అన్న ప్రశ్నకు గట్టి సమాధానం బ్రెజిల్‌లోని సావో పాలో నుంచి 2009లో వచ్చింది. మధ్యస్థ ఆప్నియా ఉన్న 31 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మూడు నెలల పాటు నాలుక, అంగిలి, బుగ్గల వ్యాయామాలు, రెండో జట్టుకు ఊరికే దీర్ఘశ్వాసలు చేయించగా, మొదటి జట్టు సగటు ఏహెచ్ఐ 22.4 నుంచి 13.7కు దిగింది, రెండో జట్టులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. శరీర బరువు తగ్గకుండానే ఈ మార్పు రావడం గమనించదగ్గది.

ఆ వ్యాయామాలు చూడటానికి తేలికే. నాలుక కొనను పైపళ్ల వెనుక ఆనించి అంగిలి వెంబడి వెనక్కి రుద్దుతూ జరపడం, నాలుకనంతా పైకి పీల్చి అంగిలికి అదిమి పట్టడం, కొనను కిందిపళ్లకు ఆనించి ఉంచి నాలుక వెనుక భాగాన్ని కిందికి నొక్కడం, నోరు తెరిచి కొండనాలుక పైకి లేచేలా ‘ఆ’ అని ఆపి ఆపి పలకడం, బుడగ ఊదడం, ఆహారాన్ని రెండు దవడలతోనూ మార్చి మార్చి నమలడం వీటిలో ముఖ్యమైనవి. ‘త’ పలికే చోటి నుంచి ‘ట’ పలికే చోటికి నాలుకను జరపమంటే తెలుగు చదువుకున్నవారికి మొదటి వ్యాయామం ఇట్టే అర్థమవుతుంది. అయితే మాట్లాడటమే చాలనుకుంటే తెలుగువారిలో ఎవరికీ గురక రాకూడదు. ఫలితమిచ్చేది బిగించి పట్టడం, రోజూ తప్పకుండా చేయడం. స్విట్జర్లాండ్‌లో 25 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఆస్ట్రేలియా ఆదివాసుల ఊదుడు వాద్యం డిడ్జెరిడూను నాలుగు నెలలు సాధన చేసినవారికి పగటి మగత తగ్గింది. ఇది విని పెళ్లి సన్నాయి కొనడానికి ఉబలాటపడనక్కర్లేదు.

కసరత్తుకు బదులు పరికరంతో నాలుకకు పగటిపూట స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇచ్చే పద్ధతికి, గురకకూ స్వల్ప ఆప్నియాకూ మాత్రమే, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అనుమతి ఇచ్చింది. వ్యాయామాలపై 2020లో వెలువడిన, పరిశోధనలను కలిపి తూచే కొక్రేన్ సమీక్ష మాత్రం, మేలు కనిపిస్తున్నా ఆధారాల బలం అత్యల్పం నుంచి మధ్యస్థం మధ్యే ఉందని తేల్చింది. అందువల్ల వీడియో చూసి నాలుక ఆడిస్తే మాస్కు అక్కర్లేదనే ప్రచారాన్ని నమ్మడం ప్రమాదం. 1981లో సిడ్నీ వైద్యుడు కోలిన్ సల్లివన్ పరిచయం చేసిన సీప్యాప్, అంటే మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచే యంత్రం, తీవ్ర ఆప్నియాకు నేటికీ మొదటి చికిత్స. వ్యాయామం దానికి తోడు మాత్రమే.

హైదరాబాద్‌లోని మూసారాంబాగ్ వంటి చోట చికిత్సకూ వ్యాయామానికీ ఉన్న ఈ తేడా మరింత ముఖ్యం. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల మీదుగా రాత్రంతా విజయవాడ రహదారి పట్టే బస్సుల్లో, లారీల్లో స్టీరింగు పట్టిన మనిషికి ఆప్నియా ఉంటే, అతని కునుకుపాటు ఇంటి సమస్యగా మిగలదు. అలాంటివారు ముందుగా ముక్కు దిబ్బడ, టాన్సిల్స్ వంటి అడ్డంకులేమైనా ఉన్నాయేమో ఈఎన్‌టీ వైద్యుడికి చూపించుకుని, రాత్రి నిద్ర పరీక్షతో తీవ్రత తేల్చుకోవాలి. కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ ప్రాంతానికి దూరమేమీ కాదు. వ్యాయామం సరిపోతుందని వైద్యుడు చెప్తే, దాన్ని నేర్పవలసింది స్పీచ్ థెరపిస్టు, అంటే మాటకూ మింగడానికీ పనికొచ్చే కండరాలను శాస్త్రీయంగా చదివిన నిపుణుడు. మూడు నెలల సాధన తర్వాత నిద్ర పరీక్ష మళ్లీ చేయించాలి, ఎందుకంటే చప్పుడు సద్దుమణిగి ఇంట్లోవాళ్లు హాయిగా పడుకుంటున్నా, ఊపిరి ఆగడం లోపల అలాగే సాగుతూ ఉండవచ్చు.