పట్టా తరువాత తొలి మెట్టు: అప్రెంటిస్ శిక్షణ

విశ్వవిద్యాలయ విద్య ముగించిన యువతీయువకులకు ఉద్యోగాన్వేషణలో ఎదురయ్యే మొదటి అడ్డంకి అనుభవం లేకపోవడమే కాగా, దానిని అధిగమించడానికి మన దేశంలో 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఒక మార్గం చూపుతున్నది. అప్రెంటిస్ అంటే ఒక సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుని, అక్కడే పనిచేస్తూ పని నేర్చుకునే శిక్షణార్థి. ఈ చట్టం 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకు, 2014 సవరణతో బి.ఏ., బి.కాం. వంటి ఇతర పట్టభద్రులకు కూడా విస్తరించింది. ఈ రెండవ విస్తరణ ఎంతో విలువైనదే అయినా, సాధారణ డిగ్రీ కళాశాలల్లో దాని ప్రస్తావన తగినంతగా వినిపించకపోవడం విచారకరం.

ముప్పై లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు ఆ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని 2019 నాటి నిబంధనలు నిర్దేశించి, పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయల స్టైపెండ్‌ను, అంటే శిక్షణకాలపు భృతిని నిర్ణయించాయి. హైదరాబాదులోని ఈసీఐఎల్, విశాఖ ఉక్కు కర్మాగారం వంటి ప్రభుత్వరంగ సంస్థలు ఇటువంటివారికి అవకాశమిస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఈ శిక్షణను చెన్నైలోని ప్రాంతీయ అప్రెంటిస్ శిక్షణ మండలి పర్యవేక్షిస్తుంది.

అయితే చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాడు కనుక, ఆరోగ్య, భద్రతా నియమాల రక్షణ లభించినా, సాధారణ కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. శిక్షణ ముగిశాక కొలువు ఇచ్చి తీరాలన్న నిర్బంధమూ సంస్థకు ఉండదు. శిక్షణానంతరం అదే సంస్థలో పనిచేయాలన్న షరతు ఒప్పందంలో ఉంటే మాత్రం తగిన ఉద్యోగం చూపే బాధ్యత యజమానిపైన, దానిలో చేరే బాధ్యత శిక్షణార్థిపైన చట్టరీత్యా పడుతుంది కాబట్టి, సంతకానికి ముందే ఆ పత్రాన్ని ఆసాంతం చదవడం తప్పనిసరి.