బల్ల కింద వెతికినవాళ్లు



ఎవరి పేరిట ఏటా ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు కరడుగట్టిన హేతువాది. ఆయన అలమరలో మాత్రం దయ్యాల నవలలదే పెద్ద వరస. అందుకే ఈసారి సారా వాటర్స్ రాసిన ‘అఫినిటీ’ని ఎంచుకున్నాను. 1999లో వచ్చిన ఈ చారిత్రక నవల 1870ల లండన్‌లో నడుస్తుంది. చనిపోయినవాళ్లతో మాట్లాడవచ్చని నమ్మే స్పిరిచ్యువలిజం, దాన్ని నమ్మని చదువుకున్న మనసు, ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమ ఇందులో పెనవేసుకుని ఉంటాయి. కథ ముగింపుతో సహా చెప్పేస్తాను. చదవనివారు మన్నించాలి. ముగింపు దాచిపెట్టి ఈ నవల గురించి మాట్లాడితే మాట్లాడినట్టే ఉండదు.

థేమ్స్ ఒడ్డున మిల్‌బ్యాంక్ అని ఒక జైలు ఉండేది. మధ్యలో షట్కోణం, దాని చుట్టూ ఆరు పంచకోణాల భవనాలు. ఒక్కచోట కూర్చుని ఖైదీలందరినీ కనిపెట్టగల జైలు కట్టాలని జెరెమీ బెంథామ్ కలగని సంపాదించిన స్థలం అది. ఆ కల నెరవేరలేదు. 1816లో తెరుచుకున్న ఈ జైలు నడవాల్లో కాపలావాళ్లే దారి తప్పేవారట. 1890లో మూసేసి, తర్వాత కూల్చారు. ఇప్పుడక్కడ టేట్ బ్రిటన్ గ్యాలరీ ఉంది. నవలలో ప్రధాన కథ 1874 సెప్టెంబరులో ఈ జైలు గుమ్మం దగ్గర మొదలవుతుంది.

లోపలికి అడుగుపెట్టేది మార్గరెట్ ప్రయర్. ముప్పైకి దగ్గరపడిన అవివాహిత, చెల్సీలో చేనీ వాక్ వీధిలో పెద్ద ఇంటి ఆడపడుచు. తండ్రి చరిత్ర పండితుడు, పోయి రెండేళ్లయింది. ఆ దుఃఖంలో ఆమె ఒకసారి ప్రాణం తీసుకోబోయింది. దుఃఖం తండ్రి కోసం మాత్రమే కాదు. తను ప్రేమించిన హెలెన్ తన సోదరుణ్ణే పెళ్లాడి వదినా మరదళ్ల వరసలోకి వచ్చి కూర్చుంది. తల్లి మార్గరెట్‌కు రోజూ కొలిచి మందు పోస్తుంది, ఎక్కడికి వెళ్లినా ఆరా తీస్తుంది. అలాంటి మనిషి ఖైదీ స్త్రీలకు నాలుగు మంచి మాటలు చెప్పడానికి జైలుకు వెళ్లి, అక్కడ సెలీనా డాస్‌ను చూస్తుంది. సెలీనా ఒక మీడియం, ఆత్మల మాట వినిపిస్తానని చెప్పే మనిషి. ఆమె నడిపిన ఆత్మల సభలో ఒక అమ్మాయి గాయపడింది, ఆశ్రయమిచ్చిన మిసెస్ బ్రింక్ గుండె ఆగి చనిపోయింది. మోసం, దౌర్జన్యం నేరాల కింద శిక్ష పడింది. తప్పు తనది కాదంటుంది సెలీనా. చేసింది పీటర్ క్విక్ అట, అతనొక ఆత్మ.

మార్గరెట్ తేలిగ్గా నమ్మే మనిషి కాదు. తండ్రికి పరిశోధనలో సాయం చేసిన చెయ్యి అది. స్పిరిచ్యువలిస్టుల సంఘం గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికలు తిరగేస్తుంది, సెలీనా కేసు వివరాలు రాసుకుంటుంది. అక్కడి అద్దాల బీరువాలో పీటర్ క్విక్ చేతి మైనపు అచ్చు చూసి జడుసుకుంటుంది. నవలలో ఇంతకంటే పద్ధతిగా ఆలోచించే మనిషి ఇంకొకరు లేరు. అయినా మోసపోయేది ఆమే. ఎందుకన్నదే ఈ రోజు నా ప్రశ్న.

దానికి ముందు ఆ కాలంలో సందేహించేవాళ్లు ఎలా సందేహించేవారో చూడాలి. 1848 మార్చిలో న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్స్‌విల్ అనే పల్లెలో ఫాక్స్ అక్కచెల్లెళ్ల ఇంట్లో టకటకమని చప్పుళ్లు వినిపించాయి. ఆత్మలు జవాబిస్తున్నాయన్నారు. కొన్నేళ్లలోనే ఆ గాలి అట్లాంటిక్ దాటింది. లండన్‌లో ఫ్లారెన్స్ కుక్ అనే అమ్మాయి తెర వెనక కుర్చీకి కట్టేసి ఉండగా, తెర ముందుకు ‘కేటీ కింగ్’ అనే తెల్లబట్టల ఆత్మ నడిచి వచ్చేది. 1873 డిసెంబరులో వోల్క్‌మన్ అనే అతను ఆ ఆత్మ చెయ్యి పట్టుకున్నాడు. పక్కవాళ్లు విడిపించారు. తెర తీస్తే అమ్మాయి కట్లు కట్లుగానే ఉన్నాయి. (ఆ వోల్క్‌మన్ తర్వాత మిసెస్ గప్పీ అనే మరో పేరుమోసిన మీడియంను పెళ్లాడాడు. మనుషుల సందేహాలు ఎక్కడికి దారితీస్తాయో చెప్పలేం.) థాలియం మూలకాన్ని కనిపెట్టిన విలియం క్రూక్స్ ఈ కేటీని పరీక్షించి, ఆమెతో చెయ్యీ చెయ్యీ కలిపి ఫొటో దిగి, నిజమేనని 1874లో సాక్ష్యమిచ్చాడు. ఆరేళ్ల తర్వాత జార్జ్ సిట్వెల్ అనే అతను ఇంకో సభలో ఇంకో ఆత్మను గట్టిగా పట్టుకుంటే దొరికింది ఫ్లారెన్సే. 1876లో ఆత్మలు పలక మీద రాస్తాయని చెప్పే స్లేడ్ అనే మీడియం మీద కేసు నడిచినప్పుడు డార్విన్ ఫిర్యాదు పక్షం ఖర్చులకు 10 పౌన్లు పంపాడు. 1888 అక్టోబరులో మ్యాగీ ఫాక్స్ న్యూయార్క్‌లో నిండు సభలో బూటు విప్పి, ఆ చప్పుళ్లు కాలివేళ్ల కీళ్లవని చేసి చూపించింది. మరుసటేడు ఆ మాట వెనక్కి తీసుకుంది. నమ్మేవాళ్లు అప్పుడూ నమ్మారు, తర్వాతా నమ్మారు.

ఈ సందేహించినవాళ్లంతా ఎక్కడ వెతికారో గమనించండి. బల్ల కింద వెతికారు. తాళ్ల ముడులు చూశారు, ముడుల మీద లక్క ముద్రలు వేశారు. తెర వెనక తడిమారు. అనుమానం అంతా మీడియం ఒంటి చుట్టూ, ఆమె కూర్చున్న మూల చుట్టూ తిరిగింది. తలుపు తీసి లోపలికి పంపిన మనిషిని, దీపం తగ్గించిన మనిషిని, టీ తెచ్చి వెళ్లిపోయిన మనిషిని పెద్దగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

వాటర్స్ తన నవలను సరిగ్గా ఆ ఖాళీలో పెట్టింది. మార్గరెట్ ఇంట్లో బాయ్డ్ అనే పనిపిల్ల ఉన్నట్టుండి పని మానేస్తుంది. ఆమె స్థానంలో వైగర్స్ వస్తుంది. నిద్రపట్టని దొరసానికి మందు తెచ్చి ఇస్తుంది, పొయ్యి రాజేస్తుంది, పడుకున్నాక తలుపు వేసి వెళుతుంది. మార్గరెట్ తన డైరీలో ఆమెను అక్కడక్కడా ఒకటి రెండు మాటల్లో ప్రస్తావిస్తుంది. పొయ్యిలో నిప్పు సంగతి రాసినట్టే రాస్తుంది. అదే సమయంలో వింతలు మొదలవుతాయి. హెలెన్ జుట్టుపాయ దాచుకున్న లాకెట్ గదిలోంచి మాయమవుతుంది. కాలంగాని కాలంలో నారింజపూలు మంచం దగ్గర కనిపిస్తాయి. జైల్లో కత్తిరించిన సెలీనా జుట్టు జడకట్టగా ఇంట్లోకి వచ్చి పడుతుంది. ఎవరికీ చెప్పని తన మనసులో మాటలు సెలీనా నోట వినిపిస్తాయి. చదువుకున్న మనసు తర్కంతో ఆలోచించి, దీనికి మనుషులు కారణం కాలేరు కాబట్టి ఆత్మలే కారణమని తేలుస్తుంది. ‘మనుషులు కాలేరు’ అన్నప్పుడు ఆమె తన ఇంట్లో మనుషులను ఒకసారి లెక్క పెట్టుకుని ఉండాల్సింది.

వాటర్స్ నవలను రెండు డైరీలుగా అల్లింది. మార్గరెట్ డైరీ 1874, 75లది. మధ్య మధ్యలో సెలీనా డైరీ 1872, 73లది. సెలీనా డైరీలో మిసెస్ బ్రింక్ ఇంట్లో రూత్ అనే పనిమనిషి ఉంటుంది. సెలీనా జుట్టు దువ్వుతుంది, సభలకు ఏర్పాట్లు చేస్తుంది, ఎవరిని లోపలికి రానివ్వాలో తేలుస్తుంది. ఒక ఇంట్లో ఆమెను రూత్ అంటారు, ఇంకో ఇంట్లో ఇంటిపేరుతో వైగర్స్ అని పిలుస్తారు. ఆనాటి పెద్దిళ్లలో దాసీలను యజమానురాలికి వీలైన పేరుతో పిలిచేవారు. రూత్, వైగర్స్ ఒకే మనిషి. పీటర్ క్విక్ కూడా ఆమే. మీసం పెట్టుకుని మగవేషంలో తెర ముందుకు వచ్చింది ఆమె, ఆ అమ్మాయిని గాయపరిచింది ఆమె. మార్గరెట్ డైరీ చదివింది, పూలు పెట్టింది, లాకెట్ తీసింది ఆమె. మనం కూడా మార్గరెట్‌లాగే పనిమనిషి ప్రస్తావన వచ్చిన వాక్యాన్ని కన్ను ఆనించకుండా దాటేశాం కాబట్టి రెండు పేర్లనూ కలపలేకపోయాం. మాయ చేసింది మార్గరెట్ మీదే కాదు, మన మీద కూడా. నాకు తెలిసిన చారిత్రక నవలల్లో ఇంత నిజాయితీగా పాఠకుణ్ణి దోషిగా నిలబెట్టింది అరుదు.

ఇదేదో విలాయతీ వ్యవహారం అనుకునే అవసరం లేదు. 1882లో మద్రాసు అడయార్‌కు మకాం మార్చిన థియోసాఫికల్ సొసైటీ పెద్ద, మేడమ్ బ్లావట్‌స్కీ ఇంట్లో ఒక బీరువా ఉండేది. మహాత్ముల ఉత్తరాలు అందులో ప్రత్యక్షమయ్యేవని ప్రతీతి. ఆ అడయార్ ఇంటి బాగోగులు ఎమ్మా కూలోమ్ చూసేది. ఆమె భర్త అలెక్సిస్ వడ్రంగం పని చేసేవాడు. 1884లో బ్లావట్‌స్కీ యూరప్‌లో ఉండగా ఇద్దర్నీ పనిలోంచి తీసేశారు. ఆ సెప్టెంబరులో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రిక ఎమ్మా ఇచ్చిన ఉత్తరాలను అచ్చు వేసింది. బీరువా వెనక జారుడు పలకలు ఉన్నాయన్నారు. లండన్ సైకికల్ రీసెర్చ్ సొసైటీ పంపిన రిచర్డ్ హాడ్జ్‌సన్ వచ్చి విచారించి, 1885లో అంతా మోసమని నివేదిక ఇచ్చాడు. నూరేళ్లకు, 1986లో అదే సొసైటీ పత్రికలో వెర్నాన్ హారిసన్ ఆ నివేదికను తప్పుపట్టాడు. పలకలు యజమానురాలి ఆజ్ఞతో వడ్రంగి చేశాడని ఒక పక్షం. ఆమె ఊళ్లో లేనప్పుడు పగబట్టి చేశాడని రెండో పక్షం. ఎవరి మాట తీసుకున్నా ఆ కథకు ఇరుసు వడ్రంగే. ఆ రోజుల్లో అడయార్ వచ్చి బీరువా ముందు చేతులు కట్టుకుని నిలబడిన పెద్దలు అతనితో ఎన్ని మాటలు మాట్లాడి ఉంటారో ఊహించండి.

మనకు బాగా తెలిసిన ఇంకో కథ ఉంది. ‘కన్యాశుల్కం’లో లుబ్ధావధాన్లు పెళ్లాడిన పెళ్లికూతురు మాయమైతే, గవరయ్య అది కామినీ పిశాచమని తేల్చి సీసాలో పెట్టి బిరడా బిగిస్తాడు. నిజానికి ఆడవేషం వేసిన కుర్రాడు తన కాళ్ల మీద తాను నడిచిపోయాడు. సెలీనా సంగతీ అంతే. 1875 జనవరి 20 రాత్రి ఆత్మలు ఆమెను జైలు గోడల్లోంచి తన గదికి తెస్తాయని మార్గరెట్ దీపం వెలిగించి తెల్లవార్లూ కూర్చుంటుంది. సెలీనా మిసెస్ జెల్ఫ్ అనే మేట్రన్ సాయంతో తలుపులోంచే బయటపడింది. ఆ మేట్రన్ కొడుకు చిన్నప్పుడే పోయాడు. వాడి కబుర్లు సెలీనా తెచ్చిపెడుతుందని ఆమె నమ్మింది. మార్గరెట్ కొన్న టిక్కెట్లతో, ఆమె డబ్బుతో, ఆమె సమకూర్చిన బట్టల్లో సెలీనా, రూత్ ఇటలీ వెళ్లిపోయారు. మార్గరెట్‌కు మిగిలింది థేమ్స్ నది.

ప్రేమ సంగతికి వస్తాను. ఆత్మలకు ఆడా మగా లేదని, ప్రతి ఆత్మకూ ఇంకెక్కడో జత ఉంటుందని, ఆ జత దొరికే దాకా వెతుకులాటేనని సెలీనా చెబుతుంది. అలాంటి జతే ‘అఫినిటీ’, నవల పేరు అక్కడి నుంచే. ఆ కాలపు స్త్రీకి ఇంకో స్త్రీని ప్రేమించానని చెప్పుకోవడానికి ఇంట్లో మాటల్లేవు, బయట చోటు లేదు. ఆత్మల భాష ఆ చోటు ఇచ్చింది. నిజానికి స్పిరిచ్యువలిజం చాలామంది ఆడవాళ్లకు అలాంటి సందే ఇచ్చింది. వేదిక ఎక్కి మాట్లాడితే తప్పుబట్టే కాలంలో, ఏ చచ్చిపోయిన పండితుడో తన నోట పలుకుతున్నాడంటే కూర్చుని వినేవారు. మార్గరెట్ నమ్మింది దయ్యాలను కాదు. తన కోరికకు పేరు పెట్టిన మొదటి మనిషిని నమ్మింది. హేతువాదులం ఇక్కడ తరచు పొరబడతాం. నమ్మకాన్ని తెలివితక్కువతనంగా లెక్కేసి రుజువులు పోగేస్తాం. మార్గరెట్ మోసపోయింది రుజువులు తక్కువై కాదు.

నవలలో నాకు నచ్చనిది లేకపోలేదు. జైలు భాగం మొదటి నూరు పేజీలు నెమ్మదిగా నడుస్తాయి, మేట్రన్లలో సగం మంది ఒకే మూసలో ఉంటారు. అసలు ఫిర్యాదు రూత్ గురించి. రెండు డైరీలు ఉన్నాయి, అందులో రూత్‌కు ఒక పేజీ లేదు. కథ మొత్తం నడిపిన మనిషి మనసులో ఏముందో మనకు అందదు. సెలీనాను ప్రేమించిందా, సొంతం చేసుకుందా? చివరి పేజీలు రెండో వైపే మొగ్గుతాయి. దాసిని లెక్కచేయని లోకాన్ని దెప్పిపొడిచిన రచయిత్రి తానూ ఆమెను లోపలి నుంచి చూడలేదు. ఇది కావాలని చేసిందేనని వాదించేవారున్నారు. ఒప్పుకుంటాను. అయినా లోటు లోటే. మూడేళ్ల తర్వాత 2002లో వచ్చిన ‘ఫింగర్‌స్మిత్’లో పనిమనిషి వేషంలో ఉన్న అమ్మాయికే కథ చెప్పే గొంతు ఇచ్చి ఆ అప్పు తీర్చుకుందని నా అభిప్రాయం.

ఒక మనవితో ముగిస్తాను. ఈ సభలో చరిత్ర పరిశోధన చేస్తున్న పిల్లలు, చారిత్రక నవల రాయాలనుకునేవారు కొందరున్నారని నిర్వాహకులు చెప్పారు. మన జమీందారీ ఇళ్ల ఉత్తరాలు, శాసనాలు, వంశవృక్షాలు చాలామంది తిరగేశారు. ఆ ఇళ్ల జీతాల లెక్కలు కూడా తీసి చూడండి. వంటవాళ్లు, దాసీలు, దివిటీ పట్టినవాళ్లు, వడ్రంగులు ఎవరెవరో, ఏ ఊరివాళ్లో, ఎప్పుడు చేరి ఎప్పుడు వెళ్లారో రాసిపెట్టండి. దొరికిన పేర్లను నవలల్లోకి తీసుకోండి.