క్లబ్బు కాగితం మీద సంతకం పెట్టేముందు

ఈ వారం హైస్కూల్లో పిల్లలు నడిపే క్లబ్బుల గురించి, వాళ్ళు తెచ్చే పత్రికల గురించి మాట్లాడతాను. వినడానికి చిన్న విషయమే. వీసా మీద బతికే ఇళ్ళల్లో మాత్రం అంత చిన్నది కాదు.

నేనుండేది ప్లేనోలో, డాలస్‌కి ఉత్తరాన. 2025లో టెక్సాస్ ప్రభుత్వం సెనేట్ బిల్లు 12 అని ఒక చట్టం చేసింది. దాని ప్రకారం బళ్ళో పిల్లలు ఏ క్లబ్బులో చేరాలన్నా తల్లిదండ్రులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇదివరకు చాలా క్లబ్బులకి పిల్లలు వెళ్ళి పేరు రాయించుకుంటే సరిపోయేది. మనకి ఎప్పటికో తెలిసేది, ఒక్కోసారి తెలిసేదే కాదు. ఇప్పుడు ఆ కాగితం మన చేతికొస్తోంది. అందుకని నాకు తెలిసిన తల్లిదండ్రులంతా ఈమధ్య ఇదే మాట్లాడుకుంటున్నారు.

నాకు ఎక్కువగా వినపడేవి రెండు మాటలు. ఒకటి, "ఎన్నుంటే అన్నిట్లో చేరరా, కాలేజీకి పనికొస్తాయి." రెండోది, "పత్రికా? మనకెందుకమ్మా, వీసా మీద ఉన్నాం." ఈ రెండు మాటల గురించే నేను చెప్పాలనుకున్నది.

ముందు మా ఊరి పద్ధతి చెప్తాను. అమెరికాలో చాలా చోట్ల హైస్కూలంటే 9 నుంచి 12 దాకా ఒకే బడి. ప్లేనోలో అలా కాదు. 9, 10 తరగతులు ఒక బళ్ళో, 11, 12 సీనియర్ హైలో. ప్లేనో సీనియర్, ప్లేనో ఈస్ట్, ప్లేనో వెస్ట్ అని మూడు సీనియర్ హైలున్నాయి. అంటే 10 అవగానే పిల్లలు ఇంకో పెద్ద బడికి వెళ్ళి, కొత్త మొహాల మధ్య మళ్ళీ మొదలుపెట్టాలి. 12లోకి వచ్చిన కొన్ని నెలలకే కాలేజీ దరఖాస్తులు. మధ్యలో ఉండేది ఏడాది పైచిలుకు. ఆ కాస్త టైములో పది క్లబ్బులు తిరిగినవాళ్ళకి ఏదీ చేతికి రాదు.

పదే ఎందుకన్నానంటే, కాలేజీలకి వాడే కామన్ యాప్ దరఖాస్తులో కార్యకలాపాలకి పది గళ్ళుంటాయి. ఒక్కో గడిలో ఏం చేశారో చెప్పడానికి 150 అక్షరాలే. 150 మాటలు కాదండీ, అక్షరాలు. "సభ్యుడిని" అని రాస్తే అక్కడితో అయిపోయింది. "20 మందిని కూడగట్టి ఫలానా పని చేశాను" అని రాయాలంటే ఆ పని చేసుండాలి కదా. కాబట్టి కాలేజీ లెక్కలో చూసినా ఒకటో రెండో గట్టిగా పట్టుకోవడమే మేలు.

అసలు మన పిల్లల విషయంలో కాలేజీ కంటే పెద్ద కారణం ఇంకొకటుంది. హెచ్-4 మీద ఉన్న పిల్లలకి జీతం తీసుకుని పనిచేసే అనుమతి లేదు. గ్రీన్ కార్డు దరఖాస్తు చివరి మెట్టుదాకా వెళ్ళి వర్క్ పర్మిట్ వస్తే తప్ప, పక్కింటి అమెరికన్ పిల్లాడిలా ఎండాకాలం సెలవుల్లో ఐస్‌క్రీం కొట్లో నిలబడటానికి లేదు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్పు చెయ్యడానికి లేదు. టైముకి వెళ్ళడం, పైవాడితో మాట పడటం, తెలియని మనిషికి ఫోన్ చేసి పని జరిపించుకోవడం, ఇవన్నీ తోటి పిల్లలు 16 ఏళ్ళకే పనిలో నేర్చుకుంటారు. మనవాళ్ళకి ఆ తలుపు మూసుంది. అలాంటి పిల్లలకి బళ్ళో క్లబ్బు, బడి పత్రిక... జీతం లేకపోయినా నిజమైన పని దొరికే చోట్లివి.

మన ఊళ్ళల్లో బడికెళ్ళినవాళ్ళకి గోడ పత్రిక గుర్తుండే ఉంటుంది. డ్రాయింగ్ షీటు మీద చక్కటి చేతిరాత ఉన్నమ్మాయి రాసేది, పక్కన ఎవరో జెండా బొమ్మ వేసేవారు, ఆగస్టు 15కి అంటించేవాళ్ళం. అందులో ఏముండాలో మాస్టారే చెప్పేవారు. ఇక్కడి బడి పత్రిక వేరు. ప్లేనో సీనియర్‌లో 'వైల్డ్‌క్యాట్ టేల్స్', ప్లేనో ఈస్ట్‌లో 'పాంథర్ ప్రింట్స్' అని పత్రికలున్నాయి. ప్లేనో సీనియర్ ఇయర్‌బుక్కు పేరు 'ప్లేనోనియన్'. పత్రికయినా ఇయర్‌బుక్కయినా ఇక్కడ సాధారణంగా క్లబ్బు కాదు, క్లాసు. దానికి మార్కులుంటాయి, క్రెడిట్ ఉంటుంది. ముందు జర్నలిజం మొదటి కోర్సు చదివితే ఆ పైది న్యూస్‌పేపరో ఇయర్‌బుక్కో తీసుకోవచ్చు. అందుకని 9, 10 తరగతుల్లో కోర్సులు ఎంచుకునే కాగితం వచ్చినప్పుడే చూసుకోవాలి. 11లో చూద్దాంలే అనుకుంటే ఆలస్యమైపోతుంది.

మా అమ్మాయి బడి పత్రికలో చేరిన కొత్తలో క్యాంటీన్‌లో మాంసం లేని భోజనం గురించి ఒక వార్త రాసింది. చిన్న వార్తే. దానికోసం వంటగది చూసుకునే ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగింది, ఆఫీసుకి మెయిల్ రాసింది, జవాబు రాకపోతే ఫోన్ చేసింది. రాసిచ్చినదాన్ని 17 ఏళ్ళ ఎడిటర్ మూడుసార్లు తిప్పి పంపింది, "ఈ మాట ఎవరన్నారు? ఈ లెక్క ఎక్కడిది?" అని. మేం చెప్తే ఒక్కసారికే విసుక్కునే పిల్ల, ఆ మూడుసార్లూ నోరెత్తకుండా దిద్దుకుంది. నేను కంపెనీలో చేరిన రెండో ఏడు నేర్చుకున్న పని అది.

"మరి చదువు దెబ్బతినదా?" అంటారు. దానికి టెక్సాస్‌లో 1984 నుంచి ఒక కట్టుబాటుంది, పాస్ కాకపోతే ఆట లేదు అని. ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తగ్గితే కనీసం మూడు వారాలు పోటీలకీ ప్రదర్శనలకీ దూరంగా ఉండాలి. కొన్ని పై స్థాయి క్లాసులకి మినహాయింపుంది. అంటే చదువు గాలికొదిలేసి తిరగడానికి బడే ఒప్పుకోదు.

ఇక రెండో మాటకొద్దాం, భయం. ఇది ఉత్తుత్తి భయమని నేను అనను. టఫ్ట్స్ యూనివర్సిటీలో రుమేసా ఓజ్‌టర్క్ అనే టర్కీ విద్యార్థిని ఇంకో ముగ్గురితో కలిసి 2024 మార్చిలో కాలేజీ పత్రికలో ఒక వ్యాసం రాసింది. 2025 మార్చిలో ఆమెని వీధిలో పట్టుకుని లూసియానాలో నిర్బంధించారు. మే నెలలో జడ్జి చెప్పాక వదిలారు. ఆ వార్త చూశాక మన ఇళ్ళల్లో "ఏం రాయకు" అన్నవాళ్ళని నేను తప్పు పట్టలేను.

అయితే తెలుసుకుని భయపడటం వేరు, తెలియక భయపడటం వేరు. బడి లోపల చట్టం ఏం చెప్తుందో చూద్దాం. 1965లో అయోవాలో కొందరు పిల్లలు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల గుడ్డలు కట్టుకుని బడికెళ్ళారు. బడి వాళ్ళని పంపించేసింది. 1969లో సుప్రీం కోర్టు, బడి గడప దగ్గర పిల్లలు తమ మాట హక్కుని వదిలేసి రానక్కర్లేదని చెప్పింది. టింకర్ కేసు అంటారు. 1988లో హేజల్‌వుడ్ కేసులో ఇంకో మాట చెప్పింది. బడి డబ్బుతో, క్లాసులో భాగంగా వచ్చే పత్రికలో చదువుకి సంబంధించిన సరైన కారణం చూపిస్తే ప్రిన్సిపాల్ వార్త ఆపొచ్చు అని. ఆ తర్వాత డజనుకి పైగా రాష్ట్రాలు విద్యార్థి పత్రికలకి అదనపు రక్షణ ఇస్తూ చట్టాలు చేసుకున్నాయి. టెక్సాస్ చెయ్యలేదు.

దాని ఫలితం మా పక్కనే చూశాం. ప్లేనోకి ఉత్తరాన ఉన్న ప్రాస్పర్ హైస్కూల్లో 2018లో పిల్లలు రాసినవాటిని ప్రిన్సిపాల్ ఆపారు. సినిమా రాత్రి రద్దు చెయ్యడం గురించి ఒకటి, చదవాల్సిన పుస్తకాల జాబితాలోంచి ఒక నవల తీసెయ్యడం గురించి ఇంకొకటి. తర్వాత సంపాదకీయాలే వద్దన్నారు. పత్రిక చూసుకునే టీచరమ్మకి కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ పిల్లలు ఊరుకోలేదు, బయటికొచ్చి మాట్లాడారు. న్యూయార్క్ టైమ్స్ దాకా వెళ్ళింది.

వీసా భయం గురించి నా సలహా ఇదీ. ఆటలు, క్యాంటీన్, కొత్త టీచర్ల పరిచయం, బడి బడ్జెట్, ఇలాంటివే బడి పత్రికలో ఎక్కువ. వాటికి భయపడి పత్రికే మానిపించొద్దు. దేశ రాజకీయాల మీద, యుద్ధాల మీద తన అభిప్రాయం రాయాలనుకుంటే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి, పేరు పెట్టాలా వద్దా అని ఎడిటర్‌నీ టీచర్‌నీ అడగమనండి. 2025 ఏప్రిల్‌లో స్టూడెంట్ ప్రెస్ లా సెంటర్, ఇంకొన్ని సంస్థలు విద్యార్థి పత్రికలకి చెప్పింది కూడా ఇదే, పేరు తీసెయ్యమని అడిగితే ఆలోచించండి అని. ఆ సెంటర్ 1974 నుంచీ విద్యార్థి విలేకరులకి ఉచితంగా న్యాయ సలహా ఇస్తోంది. "రాయకు" అని మనం ఒక్క మాటలో కొట్టేస్తే పిల్లలకి అర్థమయ్యేదేంటి? ఈ దేశంలో మనకి నోరు లేదని. అది 15 ఏళ్ళకే నేర్పిస్తే మళ్ళీ మాన్పించడం కష్టం.

ఇంకొక్కటి. తెలుగు క్లబ్బు, హిందూ విద్యార్థుల క్లబ్బు పెట్టాలని చాలామంది పెద్దలకి ఉత్సాహం. 1984 నాటి సమాన ప్రవేశ చట్టం దానికి దారి ఇస్తుంది. పాఠాలతో సంబంధం లేని ఒక్క క్లబ్బుకి చోటిచ్చినా, మతం పేరు చెప్పో రాజకీయం పేరు చెప్పో ఇంకో క్లబ్బుని కాదనకూడదు. కానీ అదే చట్టం, బయటివాళ్ళు ఆ క్లబ్బుల్ని నడపకూడదు, క్రమం తప్పకుండా వచ్చి కూర్చోకూడదు అంటుంది. అంటే నాన్నగారు ఎజెండా రాసి, అమ్మ పోస్టర్ వేసి, పిల్లాడికి అధ్యక్షుడని పేరు పెట్టడం కుదరదు. సమోసాలు పంపండి, కారులో దింపండి, అంతటితో ఆగండి.

కాబట్టి ఆ కాగితం వచ్చినప్పుడు మూడు ప్రశ్నలడగండి. ఇందులో నువ్వు చేసే పని ఏంటి? వచ్చే ఏడు కూడా ఉంటావా? పక్కన ఉండే టీచర్ ఎవరు? వీటికి జవాబు సూటిగా వస్తే సంతకం పెట్టండి. రాకపోతే ఇంకో వారం ఆగండి, పోయేదేం లేదు.

మీరున్న ఊళ్ళో బళ్ళు ఎలా ఉన్నాయో, రియాద్ ఇండియన్ స్కూలయినా, మెల్‌బోర్న్ అయినా, ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి. పిల్లల చేత చెప్పిస్తే ఇంకా సంతోషం. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.