చనిపోయిన కూతురి గొంతు ఎవరిది?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు తెలిసిన ఒక తల్లి రోజూ రాత్రి పనులన్నీ అయ్యాక ఫోను చెవి దగ్గర పెట్టుకుని కూతురి గొంతు వినేది. "అమ్మా, గోలీలు ఏసుకున్నవా?" అని వాట్సాప్‌లో పంపిన మాటలు. పెళ్ళయిన మూడో ఏట ఆ అమ్మాయి అత్తవారింట్లో అనుమానాస్పదంగా చనిపోయింది. వేధింపుల గురించి చెప్పుకున్న మాటలు కూడా తల్లి ఫోనులోనే ఉన్నాయి గనుక పోలీసులు పంచనామా రాసి దాన్ని తీసుకెళ్ళారు. "కేసు నడవనీ మేడం. నా బిడ్డ గొంతు నాకెప్పుడిస్తరు?" అని ఆమె నన్నడిగింది. ఇన్నేళ్ళుగా కుటుంబం మీద పరిశోధన చేస్తున్న నాకు జవాబు తోచలేదు.

పదో రోజున భర్త ఫేస్‌బుక్‌లో ఆమె ఫోటోకు దండ వేసి పెట్టాడు. నువ్వు లేని జీవితం శూన్యమని రాశాడు. కింద ఎంతోమంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. తల్లికి ఫేస్‌బుక్ లేదు. పక్కింటి పిల్ల చూపిస్తే చూసింది.

మన ఊళ్ళలో చావు దగ్గర ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడుస్తారు. దాన్ని అతి అని తీసిపారేసే చదువుకున్నవాళ్ళలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. శ్రద్ధగా వింటే అందులో చనిపోయిన మనిషి జీవితమంతా ఉంటుంది. ఏం పెట్టి పంపారు, ఎవరు ఏమన్నారు, ఎన్నిసార్లు పుట్టింటికి తిరిగొచ్చింది - శవం ముందర, పెద్దమనుషులు వింటుండగానే ఆ తల్లి చెప్పేస్తుంది. 'ఊరుకో' అంటారే గాని ఆ నోరు మూయించడం కష్టం. పితృస్వామ్య సమాజంలో ఏడుపు పేరుతో స్త్రీలు దక్కించుకున్న సాక్షిస్థానం అది. ఇప్పుడు సంతాపం ఫోన్లలోకి మారింది. అక్కడ చనిపోయిన స్త్రీ గురించి ముందుగా మాట్లాడేది ఆమె ఫోటోలూ పాస్‌వర్డూ చేతిలో ఉన్నవాడు.

చనిపోయినవారి మాటకు చట్టంలో విలువ లేకపోలేదు. 1937లో పిఠాపురంలో ఉండే ఒకతను హత్యకు గురయ్యాడు. బాకీ డబ్బు కోసం రమ్మని ఉత్తరం వచ్చిందనీ, బరంపురం వెళ్తున్నాననీ బయల్దేరే ముందు భార్యతో అన్నాడు. ఆ మాటలు సాక్ష్యంగా పనికొస్తాయని 1939లో పాకాల నారాయణస్వామి కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఒక భార్య గుర్తుపెట్టుకున్న మాటలవి! ఆ సూత్రమే ఇవాళ 2023 భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 26లో ఉంది. కూతురు పంపిన వాయిస్ మెసేజ్ కూడా దాని కిందికి రావచ్చు.

మరి జ్ఞాపకంగా అది ఎవరిది? 1956 హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 15 ప్రకారం వీలునామా లేకుండా చనిపోయిన స్త్రీ సొంత ఆస్తి ముందు పిల్లలకూ భర్తకూ, వాళ్ళు లేకపోతే భర్త వారసులకూ పోతుంది. తల్లిదండ్రులు ఆ తర్వాతే. ఆమె ఫోనుదీ అదే వరస. హంతకుడని తేలితే భర్తకు హక్కు పోతుంది, కాని అది తేలేదెప్పుడు? కట్నం విషయంలో మాత్రం 1986 సవరణ కొంత మేలు చేసింది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అసహజంగా చనిపోతే, పిల్లలు లేనప్పుడు కట్నం ఆమె తల్లిదండ్రులకు చేరాలి. బిందెలూ బంగారమూ లెక్కగట్టి అడగొచ్చు. గొంతు ఆ లెక్కలో లేదు.

2012లో బెర్లిన్‌లో రైలు కింద పడి పదిహేనేళ్ళ అమ్మాయి చనిపోయింది. అది ఆత్మహత్యో కాదో తెలుసుకోవాలని తల్లి కూతురి ఫేస్‌బుక్ ఖాతా చూపించమంది. ఉత్తరాలూ డైరీల్లాగే ఖాతా కూడా వారసులదేనని జర్మనీ ఫెడరల్ కోర్టు 2018లో తీర్పిచ్చింది. మంచి తీర్పే. దాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గరికి తెస్తే తాళంచెవి వెళ్ళేది భర్త చేతికి! వారసత్వం వేరు, జ్ఞాపకం మీద హక్కు వేరు అని మనం అడగాల్సింది అందుకే.

ఈలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఫోను అప్పగించే ముందు, అందులో ఏదీ చెరపకుండా, ఆ మెసేజ్‌లను మరోచోట కాపీ చేసుకోమని కుటుంబాలకు చెప్పాలి. ఫోను ఇప్పటికే పోలీసుల దగ్గరుంటే ప్రతి ఇప్పించమని కోర్టులో దరఖాస్తు పెట్టించాలి.

ఆ తల్లి చేత మేమూ పెట్టించాం. వాయిదా పడింది. మొన్న ఆమె చెల్లెలి ఫోనులో పాత మెసేజ్ ఒకటి దొరికింది. ఏడు సెకన్లు. "చిన్నమ్మా, అమ్మకు జర ఫోనియ్యి" అంటోంది ఆ అమ్మాయి.