పునఃప్రారంభమున మిగులునదేది?



కంప్యూటరు ఆగి మరల నారంభమైనప్పుడు, అందలి ప్రోగ్రాములు తమలో తాము ఇచ్చిపుచ్చుకొనుచుండిన వార్తలు, సంకేతములు ఏమగును? ఇది యంత్రజ్ఞుల ముచ్చట మాత్రమే యని తలపకుడు. ఒక బ్యాంకులో సొమ్ము తగ్గించు ప్రోగ్రామొకటి, జమకట్టు ప్రోగ్రామొకటి యున్నవనుకొందము. మొదటిది ఒక గృహస్థుని ఖాతాలో సొమ్ము తగ్గించి, ఆ వార్తను రెండవదానికి పంపెను. అది యందులోపల విద్యుత్తు పోయెను. యంత్రము మరల లేచినప్పుడు ఆ వార్త లేకున్నచో, ఆ సొమ్ము ఇటును లేదు, అటును లేదు.

మన తార్కికులు ఆశ్రయము నశించిన ఆశ్రితమును నశించునందురు. కుండ పగిలిన పిమ్మట దాని యెఱుపు నిలువదు గదా. ఇచ్చటను అడుగవలసిన ప్రశ్న యదియే: ఈ వస్తువునకు ఆశ్రయమేది? యూనిక్సు జాతి వ్యవస్థలను గూర్చి గ్రంథములు వ్రాసిన రిచర్డ్ స్టీవెన్స్ మూడాశ్రయములను చెప్పెను. అవి ప్రోగ్రాము, కెర్నెలు, డిస్కు.

1973లో బెల్ ప్రయోగశాలలయందు యూనిక్సులో చేరిన పైపు మొదటి తెగలోనిది. దానిని పట్టుకొనియున్న ప్రోగ్రాములన్నియు ముగిసిన తోడనే అదియు ముగియును. చెవిలో చెప్పిన మాటవంటిది.

1983లో వెలువడిన సిస్టమ్ ఫైవ్ యూనిక్సులోని సందేశముల వరుస, సెమఫోరు, ఉమ్మడి స్మృతి యనునవి రెండవ తెగ. ఇవి కెర్నెలు నాశ్రయించియుండును. బడిలో నల్లబల్లపై లెక్క వ్రాసిన బాలుడు ఇంటికి పోయినను లెక్క చెరిగిపోదు, తుడుచువాడు రావలెను. ఇచ్చట తుడుచుటకు ఐ.పి.సి.ఆర్.ఎమ్. అను ఆజ్ఞ కలదు. ఎవరును తుడువకున్న, పునఃప్రారంభమే తుడుచును. సెమఫోరును పట్టుకొన్న ప్రోగ్రాము దానిని విడువక మరణించెనా, తగిన యేర్పాటు ముందుగా లేనిచో, తక్కినవి యెంతకాలమైనను కాచుకొనియుండును. అట్టియెడ యంత్రమునే ఆపి మరల నడుపువారు కలరు. ఎలుకపై కోపమున ఇంటికి నిప్పుపెట్టుట యిట్టిదే. విండోసులో పద్ధతి వేఱు. అట్టి వస్తువును పట్టుకొన్న కడపటి ప్రోగ్రాము విడిచినతోడనే వస్తువు అంతరించును.

మూడవ యాశ్రయమైన డిస్కు పునఃప్రారంభమునకు చెక్కుచెదరదు. చిక్కంతయు ఇచ్చటనే. సాకెటు అను సంభాషణద్వారమునకు డిస్కుపై నొక పేరుండవచ్చును. విద్యుత్తు పోయినచో ద్వారము పోవును, పేరు మిగులును. మరునాడు ప్రోగ్రాము లేచి ఆ పేరుననే ద్వారము తెఱవబోగా, ‘ఈ చిరునామా వాడుకలో నున్నది’ యని వ్యవస్థ త్రోసిపుచ్చును. కాపురమున్నవారు లేరు, తలుపుమీది పేరు మాత్రమున్నది!

తాళపు ఫైళ్లు ఇంతకంటెను మోసకరములు. ‘నేను నడచుచున్నాను, నా సంఖ్య యిది’ యని ప్రోగ్రాము ఒక ఫైలులో వ్రాసియుంచును. పునఃప్రారంభము పిమ్మట ఆ సంఖ్య మఱియొక ప్రోగ్రామునకు దక్కవచ్చును. హాజరుపట్టీలో 17వ సంఖ్య నిరుడు ఒక బాలునిది, ఈ యేడు వేఱొకనిది. ఏటిని చూడక సంఖ్యను మాత్రమే నమ్మిన ఉపాధ్యాయుడు ఒకని తప్పునకు వేఱొకని దండించును. అందుచేతనే లైనక్సు ప్రతి ప్రారంభమునకును ఒక క్రొత్త గుర్తును కల్పించును. సంఖ్యతోబాటు ఆ గుర్తును వ్రాసికొన్న ప్రోగ్రాము మోసపోదు. ఇట్టి పేర్లను, తాళములను ‘రన్’ అను స్థలమున నుంచు నాచారమును ఏర్పడినది. అది డిస్కుపై గాక స్మృతిలో నుండుటచే, ఆగినప్పుడెల్ల తనంతతాను ఖాళీయగును.

ఇక మన గృహస్థుని సొమ్ము మాట. ఆ వార్తను కెర్నెలుకు మాత్రమే అప్పగించుట చాలదు. సొమ్ము తగ్గించిన పద్దును, పంపవలసిన వార్తను ఒక్కమాఱుగా, రెండును నిలుచునట్లో రెండును నిలువనట్లో డిస్కున వ్రాయవలెను. వ్రాయుమన్నంతనే డిస్కు చేరదు. వ్యవస్థ కొంతసేపు దానిని స్మృతియందే యుంచుకొనును గనుక, చేరినదను జవాబు వచ్చువఱకు ఆగవలెను. లేచిన పిమ్మట, చేరినదో లేదో తెలియని వార్తను మరల పంపవలెను. అట్లు పంపిన రెండుమాఱులు జమ పడదా? పడకుండుటకై ప్రతి వార్తకును ఒక సంఖ్య యుండును. జమకట్టు ప్రోగ్రాము జమతోబాటే ఆ సంఖ్యనును వ్రాసికొని, అదే సంఖ్య మరల వచ్చినచో ‘అందినది’ యని బదులు చెప్పి ఊరకుండును.