కాగితం మీద 16, నిజానికి 15: ఏడ్రియన్ బెల్ట్రే కథ

మన విజయవాడలో అండర్-16 సెలక్షన్స్‌కి వెళ్ళినవాళ్ళకి ఈ డైలాగ్ తెలిసే ఉంటుంది: "ఒరేయ్, వాడికి మీసాలొచ్చేశాయి, వాడు అండర్-16 ఏంట్రా!" వయసు తగ్గించి సర్టిఫికెట్ పెట్టడం మనకి కొత్త కాదు. అందుకే బీసీసీఐ మణికట్టుకి ఎక్స్‌రే తీయించి ఎముక వయసు చూస్తుంది. ఇవాళ్టి కథలో మాత్రం రివర్స్. పిల్లాడి వయసు పెంచారు.

ఏడ్రియన్ బెల్ట్రే. బేస్‌బాల్ ఆటగాడు, థర్డ్ బేస్‌మన్. పుట్టింది డొమినికన్ రిపబ్లిక్‌లో, 1979 ఏప్రిల్ 7న. మనకి క్రికెట్ ఎలాగో అక్కడ బేస్‌బాల్ అలాగ. 1994లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ టీమ్ ఇతనితో 23,000 డాలర్లకి సంతకం పెట్టించింది. రూల్ ప్రకారం 16 ఏళ్ళు ఉండాలి. ఇతనికి 15. ఏం చేశారంటే, పుట్టిన సంవత్సరాన్ని 1978గా మార్చేశారు. అంతే, పనైపోయింది.

1998లో, 19 ఏళ్ళకే మేజర్ లీగ్‌లో దిగాడు. తర్వాత అసలు వయసు బయటపడింది. "ఆ కాంట్రాక్టే తప్పు, నన్ను వదిలేయండి" అని అడిగాడు. వదిలేస్తే వేరే టీమ్‌లు కోట్లు పెట్టి కొనుక్కునేవి. 1999 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. డాడ్జర్స్‌కి 50,000 డాలర్ల ఫైన్, డొమినికన్‌లో కొత్తవాళ్ళని తీసుకోకుండా ఏడాది నిషేధం. మరి కుర్రాడికి? అదే టీమ్‌లోనే ఉండాలన్నారు. నాకైతే ఇక్కడే మండుతుంది. తప్పు చేసింది పెద్దవాళ్ళు, కట్టుబడి ఉండాల్సింది పిల్లాడు!

సరే, థర్డ్ బేస్ అంటే ఏంటో చెప్తా. బ్యాటర్‌కి 90 అడుగుల దూరం, అంటే 27 మీటర్లు. రైట్ హ్యాండర్ లాగి కొడితే బంతి వచ్చేది అటే, మన మిడ్ వికెట్ వైపు అనుకోండి. అందుకే దాన్ని హాట్ కార్నర్ అంటారు. బంతి ఆపితే సరిపోదు, దాదాపు 39 మీటర్ల అవతల ఉన్న ఫస్ట్ బేస్‌కి రన్నర్ కంటే ముందే విసరాలి. బెల్ట్రే అయితే ముందుకి పరిగెత్తుకొచ్చి, గ్లవ్ లేని చేత్తో బంతి తీసి, అదే ఊపులో విసిరేవాడు. ఐదు గోల్డ్ గ్లవ్‌లు ఊరికే రాలేదు. గార్డ్ మాత్రం పెట్టుకునేవాడు కాదు! 2009లో బంతి తగలరాని చోట తగిలి కొన్ని వారాలు ఆటకి దూరమయ్యాడు. (మీరు మాత్రం పెట్టుకోండి బాబూ.)

2004లో 48 హోమ్ రన్లు కొట్టాడు. తర్వాత సియాటిల్, బోస్టన్, చివరికి టెక్సాస్ రేంజర్స్. 2011లో వరల్డ్ సిరీస్ ఫైనల్‌లో ఒక మోకాలు నేలకి ఆనించి మరీ హోమ్ రన్ కొట్టాడు. అయినా కప్పు రాలేదు, ఇంకెప్పుడూ రాలేదు. మొత్తం 21 సీజన్లు, 3,166 హిట్లు, 477 హోమ్ రన్లు. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్.

ఇంకోటి, ఇది నా ఫేవరెట్. 2017 జూలై 26. బ్యాటింగ్ కోసం ఎదురుచూస్తూ మ్యాట్ మీద కాకుండా పక్కన నిలబడ్డాడు. అంపైర్ "మ్యాట్ దగ్గరికి వెళ్ళు" అన్నాడు. ఈయన వెళ్ళలేదు. మ్యాట్‌నే తన దగ్గరికి లాక్కున్నాడు. బయటికి పంపేశారు! నాలుగు రోజుల తర్వాత అదే గ్రౌండ్‌లో 3,000వ హిట్. డొమినికన్‌లో పుట్టినవాళ్ళలో ఆ మార్కు అందుకున్న మొదటివాడు. ఆయన పిల్లలు గ్రౌండ్‌లోకి పరిగెత్తి, 3000 బోర్డు మీదున్న గుడ్డ లాగేశారు.