‘బాగా చూసుకున్నాను’ అంటే ఎంత?

(మన నర్సింగ్ స్కూలు పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గురువులకు, నాతోపాటు ఈ హాస్టల్ మెట్ల మీద కూర్చుని అనాటమీ బట్టీ పట్టిన నేస్తాలకు, ఇప్పుడు అవే మెట్ల మీద కూర్చుంటున్న పిల్లలకు నమస్కారం.

నన్ను లక్ష్యాల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వింటేనే సగం మందికి నిద్రొస్తుంది. పైగా భోజనాల తర్వాత పెట్టారు! అందుకని నా మొదటి కేర్ ప్లాన్‌తో మొదలుపెడతాను.

రెండో సంవత్సరం, మెడికల్ వార్డు. ఆయాసంతో చేరిన ఒక పెద్దాయనకు కేర్ ప్లాన్ రాయమన్నారు. లక్ష్యం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో “రోగికి సౌకర్యం కలిగించడం” అని రాశాను. మా ట్యూటర్ మేడమ్ దాని కింద ఎర్ర సిరాతో మూడు ప్రశ్నలు రాసి తిప్పి పంపారు. ఎంత? ఎప్పటికి? నీకెలా తెలుస్తుంది? నాకు బాగా కోపం వచ్చింది. అయినా మళ్లీ రాశాను. “మధ్యాహ్నం 2 గంటలకల్లా ఆయన దిండ్లకు ఆనుకుని, మధ్యలో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడాలి. ఊపిరి నిమిషానికి 32 నుంచి 24కి రావాలి.” అలా రాశాక 2 గంటలకు ఆయన బెడ్ దగ్గరికి మళ్లీ వెళ్లక తప్పలేదు. నిలబడి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాను. 26 ఉంది. ఎందుకు తగ్గలేదని చూస్తే, ఆయన దిండ్ల మీంచి కిందికి జారిపోయి ఉన్నాడు. మొదటి వాక్యమే ఉంచుకుని ఉంటే ఆ పూట నేను అటు వెళ్లేదాన్ని కాదు.

దీన్ని మన పుస్తకాల్లో స్మార్ట్ అంటారు. 1981లో జార్జ్ డోరన్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాసిన వ్యాసంలోది ఆ మాట. ఆయన రాసింది కంపెనీ మేనేజర్ల కోసం, నర్సుల కోసం కాదు. మనం ‘ఎ’ అంటే అచీవబుల్, సాధించగలిగేది అని చదువుకుంటాం. ఆయన రాసిన ‘ఎ’ అసైనబుల్. అంటే ఆ పని ఎవరిదో చెప్పగలగాలి. ఈ తేడా పరీక్షలో ఎవరూ అడగరు. కానీ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఆ అక్షరం దగ్గరే జరిగింది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఏ ఆసుపత్రో చెప్పను. పక్షవాతం వచ్చిన ఒక అమ్మ, అరవై దాటిన మనిషి, మా వార్డులో ఉండేది. ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. దగ్గర కూతురొక్కతే. హ్యాండోవర్‌లో ప్రతి షిఫ్టు వాళ్లం ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం: “పొజిషన్ మారుస్తూ ఉండాలి.” మారుస్తూ ఉండాలి సరే, ఎవరు? ఎన్ని గంటలకు? పొద్దున వాళ్లు మధ్యాహ్నం వాళ్ల మీద, వాళ్లు నైట్ వాళ్ల మీద వేసుకున్నాం. ఒక రాత్రి ముప్పై ఎనిమిది మందికి మేమిద్దరమే ఉన్నాం. ఆమెను నేను ఒక్కసారే తిప్పాను. తెల్లవారాక చార్టులో మాత్రం 10, 12, 2, 4 అని నాలుగు గడులూ ఒకే నిమిషంలో నింపేశాను.

నాలుగో రోజు స్పాంజ్ బాత్ ఇస్తుంటే నడుం కింద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ కనిపించింది. వేలితో నొక్కాను. తెల్లబడలేదు. దానర్థం ఇక్కడున్న అందరికీ తెలుసు. వారానికి పుండయింది. ఆ కూతురు నన్ను పల్లెత్తు మాట అనలేదు. “మీరు బాగానే చూశారు సిస్టరమ్మా, మా అమ్మ ఒళ్లే అలాంటిది” అంది. మా చార్టు చూసినా అదే తెలిసేది, బాగానే చూశామని.

ఈ సంగతి ఇన్నేళ్లలో ఏ సభలోనూ చెప్పలేదు. ఇది మన ఇల్లు కాబట్టి చెబుతున్నాను.

ఆ తర్వాత కదలలేని ప్రతి రోగి బెడ్ దగ్గర గోడకు ఒక కాగితం అంటించడం మొదలుపెట్టాను. రెండు గంటలకో గడి. గడిలో కుడి, వెల్లకిలా, ఎడమ, పక్కన తిప్పిన మనిషి పేరు. సంతకం గీకితే ఒప్పుకోలేదు, పేరు రాయాలి. తిప్పలేకపోతే గడి ఖాళీగా వదిలేయాలి. ఈ ఖాళీ గడి దగ్గర మా ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కూ నాకూ పెద్ద వాదనే జరిగింది. “పైవాళ్లు చూస్తే ఏమంటారే?” అని ఆవిడ భయం. రెండు వారాల కాగితాలు పక్కపక్కన పెడితే ఖాళీలన్నీ రాత్రి 2కీ 4కీ మధ్యే ఉన్నాయి. అవి పట్టుకెళ్లి సూపరింటెండెంట్ గారికి చూపించి, నైట్‌కు ఒక ఆయమ్మను అడిగాం. నెల తర్వాత ఇచ్చారు. పుండ్లు పూర్తిగా ఆగిపోయాయని చెప్పను. మళ్లీ రెండు వచ్చాయి. కానీ ఏ రాత్రి, ఎందుకు వచ్చాయో చెప్పగలిగాం. ఇప్పుడైతే బ్రేడన్ స్కేలు ఉంది. 23కి ఎన్ని పాయింట్లు వచ్చాయో చూసి, ఎన్ని గంటలకోసారి తిప్పాలో మనిషిని బట్టి నిర్ణయిస్తున్నారు. మంచిదే. ఆ గడిలో పేరు మాత్రం ఇప్పటికీ కావాలి.

పిల్లలూ, ఇక మీ చదువు సంగతి. నేను ట్యూటర్‌గా ఉన్నప్పుడు తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒకమ్మాయి డ్రిప్ లెక్కల్లో రెండుసార్లు తప్పింది. “ఇకనుంచి బాగా చదువుతాను మేడమ్” అని ఏడ్చింది. నాకు నా మొదటి కేర్ ప్లాన్ గుర్తొచ్చింది. రోజూ పది లెక్కలు, క్యాలిక్యులేటర్ లేకుండా, వరుసగా మూడు రోజులు పదికి పది రావాలి అన్నాను. తొమ్మిది చాలదా అని అడిగింది. పరీక్షకు చాలు, ఆ పదో రోగికే చాలదు. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో వెళ్లాలి, సెట్ 20 చుక్కలది అయితే నిమిషానికి 42 చుక్కలు. అదే 60 చుక్కల మైక్రో సెట్ అయితే 125. సెట్ చూసుకోకుండా మైక్రోకు 42 పెట్టామా, నాలుగు గంటల సెలైన్ పన్నెండు గంటలు పడుతుంది. ఆ అమ్మాయికి ఆ మూడు రోజులు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. రోజు రోజుకీ పుస్తకంలో రాసుకుంది కాబట్టి ఇద్దరికీ తెలుసు.

టీచర్లకు ఒక్క మనవి. మేము మా రికార్డు బుక్కులో 20 కాన్పుల సంతకాల కోసం పరుగెత్తాం. అంకె పెడితే పిల్లలు ఆ అంకె తెస్తారు, పని వచ్చిందో లేదో వేరే చూడాలి. ఏ వార్డుకైనా వెళ్లి చార్టులు తిరగేయండి, రోగులందరి ఊపిరీ నిమిషానికి 20 ఉంటుంది! నిమిషం నిలబడి ఎవరు లెక్కపెట్టారు? ఏటా మే 12న నైటింగేల్ దీపం వెలిగిస్తాం. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కంటే ఆపగలిగిన జబ్బులతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో ఆవిడ గీసి చూపించిన పటాన్ని మాత్రం మన పిల్లల్లో ఎందరు చూశారు?

ఈ స్వర్ణోత్సవ ఏడాది మన సంఘం ‘విద్యార్థులకు చేయూత’ ఇస్తుందని ఆహ్వాన పత్రంలో చదివాను. మా మేడమ్ ఉంటే దాని కింద కూడా ఎర్ర సిరా పడేది. నా వంతు చెబుతాను. వచ్చే నెల నుంచి ఏడాది పాటు, ప్రతి నెలా మొదటి, మూడో శనివారాలు, ఉదయం 10 నుంచి 12 వరకు, రెండో సంవత్సరం పిల్లలకు డ్రిప్ లెక్కలు. స్కిల్ ల్యాబ్ బోర్డు మీద ఇరవై నాలుగు గడులు గీసి, నా పేరు రాసే వచ్చాను. నేను రాని శనివారం ఆ గడి ఖాళీగా వదిలేయండి.